సీలు చెడని సిలిండరు

వినుకొండ,
మార్చి 14, 2025.

సౌజన్యకు,

గీతాంజలి రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం అని ఉత్తరం మొదలుపెట్టమని మా నాన్న నేర్పారు. ఇవాళ ఆ మాటలో మొదటి సగం రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండో సగం మాత్రం నిజంగానే రాస్తున్నాను. నువ్వూ, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆవిడ మోకాళ్ళ నొప్పులు తగ్గాయని ఆ మధ్య ఎవరో చెప్పారు, సంతోషం.

ఇక మర్యాదలు అయిపోయాయి.

నీ మెయిలు మొన్న అందింది. ఊళ్ళలో అగ్నిప్రమాదాల నివారణ శిక్షణకి మీ సంస్థ ఇచ్చిన గ్రాంటు ఈ నెలాఖరుతో ముగుస్తుంది కాబట్టి, ఇక్కడ శిక్షణ ఇచ్చినదాన్ని నేనే కాబట్టి, ఆఖరి రిపోర్టు మీద నా సంతకం కావాలన్నావు. అది లేకపోతే రెండో ఏడాది గ్రాంటుకి అర్జీ పెట్టుకోవడం కుదరదన్నావు. దాంతోపాటు అర పేజీ విజయగాథ ఒకటి ఫొటోతో సహా పంపమన్నావు. ఫొటోలో మనిషి నవ్వుతూ ఉంటే మంచిదని కూడా రాశావు. అది చదివి ఫోను మంచం మీదికి విసిరేశాను. నేలకేసి కొట్టాల్సింది, మళ్ళీ కొత్తది కొనుక్కునే ఓపిక లేక ఆగాను.

జవాబు మెయిల్లోనే పెట్టొచ్చు. పెడితే నువ్వు దాన్ని పైవాళ్ళకి ఫార్వర్డు చేస్తావు, వాళ్ళు ఇంకెవరికో చేస్తారు, చివరికి అది ఎవరిదీ కాకుండా పోతుంది. ఫోను చేస్తే నేను అరుస్తాను, నువ్వు మీటింగులో ఉన్నానంటావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. రిజిస్టరు పోస్టులో వస్తుంది, సంతకం పెట్టి తీసుకో. నన్ను ఇన్ని సంతకాలు అడిగినదానివి, నువ్వూ ఒకటి పెట్టు.

రిపోర్టు మొత్తం చదివాను. శిక్షణకి ముందు పెట్టిన పరీక్షలో అవగాహన పన్నెండు శాతం, తర్వాత తొంభై నాలుగు శాతం అని రంగుల బొమ్మ వేశారు. ఆ రెండో పరీక్ష ఎలా జరిగిందో నీకూ తెలుసు. చదువు రానివాళ్ళ కాగితాల మీద చదువు వచ్చినవాళ్ళు టిక్కులు పెట్టారు, మధ్యలో టీలు వచ్చాయి. పోనీలే అనుకున్నాను. పేజీలు తిప్పుకుంటూ పదకొండో పేజీకి వచ్చాను. అక్కడ ఒక వాక్యం ఉంది. శిక్షణ పొందినప్పటికీ పరికరాన్ని వాడడంలో నిర్లక్ష్యం వహించినందున ఒక లబ్ధిదారు గాయపడ్డారు, అని.

ఆ లబ్ధిదారుకి ఒక పేరుంది. పేరమ్మ. ఆవిడ నీకు తెలియని మనిషి కాదు.

మొదటి ఏడాది అర్జీ మనిద్దరం కలిసే రాశాం. కిందటేడు వేసవిలో మా వసారాలో చాప మీద కూర్చుని, నువ్వు లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని, నేను మిరపకాయ బజ్జీలు తింటూ. సమస్యను వివరించండి అన్న గడి దగ్గర నువ్వు ఆగిపోయావు. అప్పుడు పేరమ్మ ఇంటి గురించి చెప్పాను. మంచి ధర వచ్చేదాకా పత్తిని ఇంట్లోనే పోసుకుంటుందని, గదిలో సగం ఎత్తుకి పత్తే ఉంటుందని, గోడకి అవతల పొయ్యి మండుతుంటుందని, మనవరాలు ఆ పత్తి మీదే ఎక్కి నిద్రపోతుందని. నువ్వు ఆ మర్నాడే వెళ్ళి చూసి వచ్చావు. ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడితో అన్నం తిన్నావు. పైవాళ్ళు ఆ ఒక్క పేరా చదివే గ్రాంటు ఇచ్చారని తర్వాత నువ్వే చెప్పావు. ఆవిడ ఇల్లు చూపించి తెచ్చుకున్న గ్రాంటు రిపోర్టులో ఆవిడ నిర్లక్ష్యం చేసిందని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి?

ఫిబ్రవరి 18న ఏం జరిగిందో నీకు రెండు లైన్లలో చెప్పి ఉంటారు. నేను పూర్తిగా చెబుతాను. ఇది నేను కళ్ళారా చూసింది కాదు. పేరమ్మ పక్కన కూర్చుని పనిచేసే మెహర్ చెప్పింది, ఆస్పత్రిలో పేరమ్మ చెప్పింది.

బుల్లయ్య గారి మిర్చి షెడ్డు నీకు తెలుసు, మన శిక్షణ జరిగింది అక్కడే. సీజనులో ముప్పై మంది ఆడవాళ్ళు కూర్చుని కాయల తొడిమలు తీస్తుంటారు. ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిని మళ్ళీ పనిలో కూర్చున్నాక, ఫ్యాను వైరు దగ్గర చిటపటమని ఒక గోతాం అంటుకుంది. ఆ వైరు మార్చమని శిక్షణ రోజునే ఆయనకి చెప్పాం, అలాగేనన్నాడు. మంట రెండో గోతానికి పాకేలోగా ఘాటు లేచింది. పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే ఇల్లంతా దగ్గుతాం, అక్కడ బస్తాలు ఉన్నాయి. ఒకరి మీద ఒకరు పడుతూ అందరూ బయటికి పరిగెత్తారు. ఎవరో మెయిను కట్టేశారు.

పేరమ్మ పరిగెత్తలేదు. మనం ఆవిడ తల మీద ఎర్ర టోపీ పెట్టి, మంటలార్పే దళానికి నాయకురాలివని సర్టిఫికెట్ ఇచ్చి, చప్పట్లు కొట్టాం కదా. ఆవిడ దాన్ని నమ్మింది. కొంగు తడిపి ముక్కుకి కట్టుకుని, శిక్షణకని మీరు పంపిన అగ్నిమాపక సిలిండరు కాటా పక్కన గోడకి వేలాడుతుంటే దాన్ని దింపింది. ఎలా దింపాలో, ఎక్కడ పట్టుకోవాలో, మంటకి ఎంత దూరంలో నిలబడాలో అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. అంతవరకూ మీ తొంభై నాలుగు శాతం నిజమే. తర్వాత ఆవిడ ఆ సిలిండరుని చంటిబిడ్డలా ఎత్తుకుని బయటికి తెచ్చింది. ట్రాక్టరు పక్కన పడిపోకుండా నిలబెట్టింది. అప్పుడు తొట్టిలో గోతాం తడుపుకుని లోపలికి వెళ్ళి, చేతులు కాలుతున్నా దాంతో మంటను కొట్టింది.

ఆ మూడు వాక్యాలు ఇంకోసారి చదువు. మంట ఆర్పే సిలిండరుని ఆవిడ మంటలోంచి కాపాడింది.

ఆస్పత్రిలో రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లున్నాయి. ఎందుకలా చేశావు అత్తా అని అడిగాను. దాని సీలు ఊడితే లెక్కకి రాదన్నారు కదమ్మా, రేపు తనిఖీకి వచ్చినోళ్ళకి ఏం చూపిస్తాం, అది కూడా కాలిపోతే అసలుకే మోసం కదా అని ముందు బయట పెట్టా, అంది. మరి నీ చేతులు అంటే, చేతులకి సీలు లేదుగా తల్లీ అని నవ్వింది. నీకు కావాల్సిన నవ్వు అదే సౌజన్యా. ఫొటో తీయలేదు, క్షమించు.

ఆ సీలు సంగతి మాట్లాడుకుందాం. సెప్టెంబరు శిక్షణలో ఒక్క సిలిండరు కూడా విప్పలేదు. పిన్ను ఎలా లాగాలో గోడ మీద బొమ్మ వేసి చూపించాం. గాల్లో వేళ్ళతో లాగించాం. ముప్పై మంది ఆడవాళ్ళు లేని పిన్నుని లాగుతూ నవ్వుతున్న ఫొటో మీ రిపోర్టు అట్ట మీద ఉంది. ఎందుకు విప్పలేదు? తనిఖీ నాటికి సీళ్ళు భద్రంగా ఉండాలి, అదే మీ ఆఫీసుల తీరు కాబట్టి. పదేళ్ళుగా చూస్తున్నాను. కుట్టుమిషన్ల ప్రాజెక్టులో అట్టపెట్టె చిరిగిందని నన్ను రెండు గంటలు నిలబెట్టి అడిగారు. సోలారు దీపాలు పిల్లలు చదువుకోవడానికి వాడి పాడు చేశారని సంజాయిషీ రాయించుకున్నారు. వస్తువులిచ్చేది వాడుకోవడానికా, ఫొటోకి కొత్తగా కనబడటానికా?

దసరాకి బుల్లయ్య కాటాకీ, ట్రాక్టరుకీ పూజ చేస్తూ ఆ సిలిండర్లకి కూడా పసుపు రాయించి బొట్టు పెట్టించాడు. అప్పటినుంచీ ఆడవాళ్ళు పొద్దున్నే పనిలోకి వస్తూ వాటికి దణ్ణం పెట్టుకునేవాళ్ళట. కొన్న కుర్చీకి కవరు తీయం, టీవీకి స్టిక్కరు పీకం, మనం అలాంటి వాళ్ళం. ఆ మొహమాటం విడిపించడానికే శిక్షణ. మీరు ఆ మొహమాటాన్నే రూలు చేసి పెట్టారు. ఆవిడ మీ రూలు పాటించి కాలింది, మీరు దానికి నిర్లక్ష్యం అని పేరు పెట్టారు.

ఒక్క వాక్యానికి ఇంత రాద్ధాంతం ఏమిటంటావేమో. మొదట్లో బుల్లయ్య మంచిగానే ఉన్నాడు. తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, చేతులు బాగయ్యేదాకా వైద్యం తన పూచీ అన్నాడు. శిక్షణ జరిగిన చోటు ఆయనదని మీ ఆఫీసు ఆయనకి రిపోర్టు డ్రాఫ్టు పంపింది. పదకొండో పేజీని ఫొటో తీసి ఫోనులో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఎవరు పేరమ్మ వైద్యం ఖర్చు మాట ఎత్తినా అది చూపిస్తున్నాడు. నేను వెళ్ళి అడిగితే, మీవాళ్ళే రాశారు కదండీ నిర్లక్ష్యమని, నేర్పించాక కూడా కాల్చుకుంటే నేనేం చేసేదండీ అన్నాడు. వైరు సంగతి ఎత్తితే టీ తాగి వెళ్ళమన్నాడు. తాగలేదు.

కుడిచేతి వేళ్ళు అంటుకుపోతున్నాయి. ఉగాది లోపు ఇంకో ఆపరేషను చేస్తే విడివడతాయని, లేకపోతే అలాగే ఉండిపోతాయని గుంటూరులో డాక్టరు చెప్పారు. తొడిమ తీయాలన్నా, పత్తి తీయాలన్నా ఆ వేళ్ళే కావాలి. మీ వాక్యం ఆ ఆపరేషనుకి అడ్డంగా నిలబడి ఉంది. అందుకని చెబుతున్నాను, పదకొండో పేజీలో ఆ మాట కొట్టేసి, కొట్టేశామని బుల్లయ్యకి మీ ఆఫీసు కాగితం మీద రాసి పంపేదాకా నేను ఏ సంతకమూ పెట్టను. రెండో ఏడాది గ్రాంటు రాకపోతే పోనీ. కొత్త సిలిండర్లు ఇంకో ముప్పై మందికి చూపించి దణ్ణం పెట్టించేకంటే అదే నయం.

నువ్వు ఇలాంటిదానివి కావు. అందుకే ఇంత ఒళ్ళు మండుతోంది. వేరెవరైనా రాసి ఉంటే ఫోనులోనే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
కోపం ఇంకా దిగని
గీతాంజలి

తా.క.

మార్చి 15. నిన్న పోస్టాఫీసుకి సెలవు కావడంతో ఉత్తరం ఇంట్లోనే ఉండిపోయింది. సీలు ముట్టుకోవద్దని నువ్వు పంపిన మెసేజీ ప్రింటు తీయించి దీనికి జత చేద్దామని, పొద్దున్నుంచీ పాత మెసేజీలు వెతికాను. అలాంటిది ఒక్కటీ లేదు. సెప్టెంబరు తొమ్మిదిన నువ్వు పంపింది మాత్రం దొరికింది. ఊరికో సిలిండరు విప్పించు, ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా పిన్ను లాగాలి, ఖాళీ అయితే మేం నింపించి పంపుతాం అని రాశావు. దాని కింద సరేనంటూ నేను పెట్టిన బొటనవేలు బొమ్మ ఉంది.

శిక్షణ రోజు పేరమ్మ పిన్ను మీద వేలు పెట్టి, ఒక్కసారి లాగి చూడనా అమ్మా అని అడిగింది. వద్దు అత్తా, సీలు ఊడితే లెక్కకి రాదు అన్నది నేను. నన్నెవరూ అనమనలేదు. చిరిగిన అట్టపెట్టె పక్కన రెండు గంటలు నిలబడ్డ భయం అలా అనిపించింది. తర్వాత అది మీ రూలే అని నేనే నమ్మేశాను. ఆస్పత్రిలో ఆ మాట చెబుతూ పేరమ్మ నా మొహంలోకే చూసింది, నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎవరన్నారక్కా అని మెహర్ అడిగితే, ఎవరో పెద్దోళ్ళలే అని అటు తిరిగి పడుకుంది. ఇన్నాళ్ళలో ఆవిడ ఒక్కరి దగ్గరా నా పేరు ఎత్తలేదు.

ఈ ఉత్తరం చింపేసి మళ్ళీ రాయొచ్చు. రాయను. పదకొండో పేజీ మీది, దానికి పడాల్సిన తిట్లు నువ్వు పడు. సీలు గురించి తిట్టినవన్నీ నావి, నాకు తిరిగి ఇచ్చెయ్యి.

ఆ వాక్యం ఊరికే కొట్టెయ్యొద్దు. దాని చోట ఇది పెట్టు: పరికరాన్ని విప్పవద్దని శిక్షణ ఇచ్చిన గీతాంజలి చెప్పినందున, ఆ మాట విన్న పేరమ్మ గాయపడింది. విడి కాగితం మీద రాసి కింద సంతకం చేసి జత చేశాను. ఇంకో కాపీ బుల్లయ్య చేతికి నేనే ఇచ్చి, అక్కడినుంచి పేరమ్మ దగ్గరికి వెళుతున్నాను.

నువ్వు అడిగిన సంతకం అదే.