తొమ్మిదో ప్రకరణానికి ఫుట్‌నోటు

పాత నవలల విభాగం సంపాదకులు గారికి,

నమస్కారం. మీరు మళ్లీ అచ్చువేసిన నవల ఈ ఏడు మా ఊరి హైస్కూల్లో పాఠ్యపుస్తకం అయింది. ఇరవయ్యో శతాబ్దం మొదలైన కొత్తలో వచ్చిన నవలల్లో ఇంతటిది లేదని అట్ట వెనక మీరే రాశారు. ఉండకపోవచ్చు. నా పేచీ తొమ్మిదో ప్రకరణంతో.

అందులో కథానాయకుడు రాత్రి రైలు దగ్గర ఎదురుచూస్తుంటాడు. కథానాయిక ఇంట్లో చెప్పకుండా వచ్చి అతనితో వెళ్లిపోవాలి. ఆమె గంటస్తంభం గడియారం చూసుకుని బయల్దేరుతుంది. ఆ గడియారం బాగోగులు చూసేవాడు ఆమె మేనమామ దగ్గర ఉంగరం పుచ్చుకుని ముల్లు అరగంట వెనక్కి తిప్పి ఉంటాడు. ఆమె వెళ్లేసరికి రైలుండదు. తనను కాదనుకుందని అతను ఒక్కడే వెళ్లిపోతాడు. ఆమె ఆ దిగులుతో చివరి ప్రకరణంలో చనిపోతుంది. ఈలోగా మిగతా పుస్తకమంతా దిగులే.

రచయిత ఊరి పేరు రాయలేదు. కానీ ఎదురుగా పోస్టాఫీసు, వెనక తోళ్ల గోదాము, దక్షిణం ముఖానికి అంకెలు లేని గడియారం అని రాశాడు. అది మా ఊరే. ఆ రోజుల్లో ఆ గడియారం చూసింది మా తాత. తర్వాత మా నాన్న, ఇప్పుడు నేను. ఈ పని మునిసిపాలిటీ వాళ్లు అయిదేళ్లకోసారి రాసిస్తారు. మళ్లీ రాసివ్వాల్సిన సమయం దగ్గరపడింది. కౌన్సిలర్ల పిల్లలందరూ ఆ ప్రకరణమే చదువుతున్నారు. ఈ పని పోతే నాకు మిగిలేది చేతిగడియారాలకి పట్టీలు మార్చడం.

దయచేసి ఆ ప్రకరణం తీసెయ్యండి.

ఇట్లు,
గంటస్తంభం గడియారం మనిషి (మూడో తరం)

తా.క.: మా ఆవిడ ఎనిమిదో ప్రకరణం దాకా ఏడ్చింది. తొమ్మిదోది చదివిన దగ్గర్నుంచీ నన్ను అదోలా చూస్తోంది.

---

గడియారం పెద్దాయన గారికి,

నమస్తే. మీ ఉత్తరం శ్రద్ధగా చదివాం. కీర్తిశేషుడైన రచయిత రాసినదాంట్లో కామా కూడా కదపకూడదని మా సంస్థ నియమం. అయితే న్యాయమైన అభ్యంతరం వస్తే పేజీ అడుగున ఫుట్‌నోటు వేస్తాం. ఆ గడియారం మనిషి కల్పిత పాత్ర అనీ, మీ తాతగారికీ అతనికీ సంబంధం లేదనీ వేస్తే మీకు సమ్మతమేనా?

భవదీయుడు,
సంపాదకుడు, పాత నవలల విభాగం

తా.క.: ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. మీ తాతగారి రోజుల్లో ఆ గడియారం ఎప్పుడైనా అరగంట వెనకబడిందా?

---

సంపాదకులు గారికి,

మహోపకారం. అలాగే వెయ్యండి. ఏ తాతో పాఠకులకి తెలియాలి కదా, కాస్త వివరంగా వెయ్యండి. తోళ్ల గోదాము వీధిలో మొదటి షాపు మాది. నీలం తలుపులు.

మీరడిగారు కాబట్టి చెబుతున్నాను. వెనకబడిన మాట నిజమే, ఒకే ఒక్క రాత్రి. పెద్ద ముల్లు మీద పావురాలు వాలడం వల్ల అలా జరిగిందని మా తాత చెప్పేవాడట. అప్పట్లో జనం గుసగుసలాడారని మా నాన్న అనేవాడు. ఆ గుసగుసలాడిన వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఇది మీకూ నాకూ మధ్య.

కృతజ్ఞతలతో,
గడియారం మనిషి

తా.క.: మా ఆవిడకి మీ ఉత్తరం చూపించాను. "కల్పితమైతే సంబంధం లేదని వేరే చెప్పడమెందుకు?" అంది. ఆడవాళ్లకి అచ్చు వ్యవహారాలేం తెలుస్తాయని ఊరుకున్నాను.

---

గడియారం పెద్దాయన గారికి,

కొత్త ముద్రణ వచ్చేసింది. ఫుట్‌నోటు ఇలా వేశాం:

"ఈ పాత్ర కల్పితం. తోళ్ల గోదాము వీధిలో నీలం తలుపుల షాపు నడుపుతున్న పెద్దమనిషి తాతగారికీ ఇతనికీ ఏ సంబంధమూ లేదు. ఆ తాతగారి హయాములో గడియారం ఒక రాత్రి సరిగ్గా అరగంట వెనకబడిన మాట నిజమే గాని, అది పావురాల పని అని ఆ కుటుంబం నమ్మకం."

మీ హైస్కూలుకి కావలసిన ప్రతులన్నీ ఉచితంగా పంపించాం.

భవదీయుడు,
సంపాదకుడు

తా.క.: "నమ్మకం" అన్న మాట మా ప్రూఫులు దిద్దే ఆవిడ చేర్చింది. నేను "నిశ్చయం" అని రాశాను. ఆవిడ ఒప్పుకోలేదు.

---

అయ్యా,

కొంప ముంచారు.

మీ ఫుట్‌నోటు వచ్చేదాకా ఆ గడియారం మా ఊరిదేనని తెలిసింది నాకూ మా ఆవిడకీ మాత్రమే. ఈ ఊళ్లో పుస్తకం చదివేవాళ్లు తక్కువ. చదివినవాళ్లు పోస్టాఫీసులు అన్ని ఊళ్లలోనూ ఉంటాయి కదా అనుకున్నారు. ఇప్పుడు బడి పిల్లలు రోజూ వచ్చి నీలం తలుపులు చూసి పోతున్నారు. నిన్న మునిసిపల్ ఛైర్మన్ కబురుపెట్టాడు. వరసకి నాకు కొడుకవుతాడు.

"ఏం బాబాయ్, ఉంగరం ఇంకా ఇంట్లోనే ఉందా?" అన్నాడు.

"ఏ ఉంగరంరా? అది కల్పితం అని అచ్చులో వేశారుగా!"

"అదే అంటున్నా. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నిన్నెవరడిగారు బాబాయ్?"

ఆ ఫుట్‌నోటు వెంటనే పీకెయ్యండి.

ఇట్లు,
నీలం తలుపుల షాపు (రేపు పచ్చరంగు వేయిస్తున్నాను)

తా.క.: మీ ప్రూఫులావిడ, మా ఆవిడ ఒకే బళ్లో చదువుకున్నారా?

---

గడియారం పెద్దాయన గారికి,

మీ బాధ అర్థమైంది. కానీ అచ్చయిన ఫుట్‌నోటు తీసెయ్యడం కూడా మా నియమానికి విరుద్ధం. పండితులు అప్పుడే దాన్ని ఉదహరిస్తున్నారు. ఒక ప్రొఫెసర్ గారు ఈ నవలలో పావురం విధికి ప్రతీక అని వ్యాసం రాశారు. నవలలో పావురం లేదు కదా అంటే, అందుకే అది ఇంకా బలమైన ప్రతీక అన్నారు.

మేము చెయ్యగలిగింది ఫుట్‌నోటుకి ఫుట్‌నోటు. "పై ఫుట్‌నోటును పాఠకులు పట్టించుకోరాదని ఆ కుటుంబం పదేపదే కోరుతోంది. తలుపులు ప్రస్తుతం పచ్చవి." ఇది ముద్రణకి వెళ్లింది.

భవదీయుడు,
సంపాదకుడు

తా.క.: "పదేపదే" కూడా ఆవిడ చేర్చిందే. ఏ బళ్లో చదువుకుందని అడిగాను. మీకెందుకంది.

---

సంపాదకులు గారికి,

మీకిక రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కానీ వ్యవహారం ఒట్లు దాటిపోయింది.

ఊరికి జనం వస్తున్నారు. కొత్తగా పెళ్లయినవాళ్లు గంటస్తంభం కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. కాలేజీ అమ్మాయిలు తలెత్తి గడియారం చూసి ఏడుస్తున్నారు. అయితే ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. ఇంత దూరం వస్తే గడియారం సరైన టైము చూపిస్తోందట. నవలలో ఉన్నట్టు లేదట.

దాంతో కౌన్సిల్ ముందుకి తీర్మానం వచ్చింది. గడియారాన్ని శాశ్వతంగా అరగంట వెనక ఉంచాలి. అలా ఉంచడానికి ఒప్పుకుంటేనే నాకు పని రాసిస్తారు. ఛైర్మన్ నా భుజం మీద చెయ్యేసి, "అసలు వారసుడి చేత్తో తిప్పిస్తే ఆ కళే వేరు బాబాయ్" అన్నాడు.

మునిసిపల్ ఆఫీసు సిబ్బంది ఈ తీర్మానాన్ని ముక్తకంఠంతో బలపరిచారు. వాళ్లు ఆఫీసుకి రావడానికి గంటస్తంభం చూస్తారు. పోవడానికి చేతిగడియారం చూస్తారు.

అయ్యా, మా తాత చెయ్యలేదని నేను మొత్తుకుంటున్న పనే ఇప్పుడు నన్ను రోజూ చెయ్యమంటున్నారు. ఒప్పుకుంటే తాత దొంగ. ఒప్పుకోకపోతే గంటస్తంభం తాళంచెవి నా చేతిలోంచి పోతుంది. వచ్చే మంగళవారం సమావేశం. ఏం చెయ్యను?

ఇట్లు,
ముందు నుయ్యి వెనక గొయ్యి

తా.క.: తలుపులకి రంగు వేసినాయన కూడా నవల చదివాడు. కూలి ఇస్తుంటే ఉంగరం వద్దు, నోట్లే ఇమ్మన్నాడు.

---

ప్రియమైన పెద్దాయన గారికి,

మీ ఉత్తరం చదివి సంతోషించాను. ఒక నవల ఊరి టైమునే మార్చడం సాహిత్య చరిత్రలో ఎక్కడా లేదు. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఒప్పుకోండి. ప్రత్యేక సంచిక వేస్తాం. మీ చెయ్యి ముల్లు మీద ఉన్న ఫొటో అట్ట మీద వేస్తాం.

ఒక సొంత విన్నపం. మీ ఇంట్లో ఆ కాలం సంగతులు తెలిసినవాళ్లు ఎవరైనా మిగిలుంటే కనుక్కోండి. కథానాయిక కల్పితం కాదని నా దృఢవిశ్వాసం. నా నలభై పేజీల ముందుమాటలో దాన్ని రుజువు చేశాను. ఆమె దిగులుతో ఎక్కడ కన్నుమూసిందో తెలిస్తే, వచ్చి అక్కడ పూలుంచి వెళతాను.

మీ,
సంపాదకుడు

తా.క.: పదహారో ఏట ఈ నవల చదివాను. మరే అమ్మాయీ ఆమెకి సరితూగలేదు. అందుకే పెళ్లి చేసుకోలేదు. ఇది ఆఫీసు ఫైల్లో పెట్టకండి.

---

సంపాదకులు గారికి,

మీరు కూర్చుని చదవండి.

మీ మాట ప్రకారం మా మేనత్తని అడిగాను. మా తాత కూతుళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. తొంభై ఏళ్లుంటాయి. చూపు ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. తొమ్మిదో ప్రకరణం చదివి వినిపించి, చివర్లో ఆమె దిగులుతో చచ్చిపోతుందని చెప్పాను.

"ఎవర్రా చచ్చిపోయింది? అమ్మా?" అంది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. కథానాయిక మా నాయనమ్మ. స్టేషన్లో ఎదురుచూసి వెళ్లిపోయినవాడు మీ రచయితే. సరేనని మాటిచ్చింది గాని నాయనమ్మకి వెళ్లడం ఇష్టం లేదు. ముఖం మీద కాదనలేక, ఆ సాయంత్రం గడియారం షాపుకొచ్చి, ముల్లు అరగంట వెనక్కి తిప్పమని మా తాతని అడిగింది. అప్పటికి వాళ్లిద్దరికీ ముఖపరిచయమే.

"ఊరి గడియారం తప్పుగా పెట్టను. తాళంచెవి ఆ మేకుకి ఉంది. నేను భోజనానికి వెళ్లొస్తా," అన్నాడట మా తాత.

ఆమే మెట్లెక్కి తిప్పింది. ఆ తర్వాత స్టేషన్‌కి కూడా వెళ్లింది, టైము తెలియలేదని నలుగురికీ కనబడేలా. మా తాత అదే రాత్రి ముల్లు సరిచేశాడు. ఎవరడిగినా పావురాలన్నాడు. మేనమామా లేడు, ఉంగరమూ లేదు. మరుసటి ఏడు వాళ్లిద్దరికీ పెళ్లయింది. నవల అచ్చయ్యే నాటికి మా మేనత్త చంకలో ఉందట.

మంగళవారం సమావేశంలో నేను లేచి, గడియారం సరైన టైమే చూపిస్తుంది, మీకు వద్దంటే తాళంచెవి ఇదిగో అని బల్ల మీద పెట్టాను.

"నీకేం పోయింది బాబాయ్? తిప్పడం మీ తాతతో మొదలైందే కదా!" అన్నాడు ఛైర్మన్.

"మా తాత తిప్పలేదు."

"మరెవరు తిప్పారు?"

నాకు తెలుసు. కానీ చచ్చిపోయినావిడ మీద నింద వెయ్యలేను కదా. మా మేనత్త మా ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక బెంచీలో కూర్చుని ఉంది.

"మా అమ్మ తిప్పింది," అంది గట్టిగా.

మొత్తం సంగతి తనే చెప్పేసింది. నవల చదివి రెండు రోజులు అన్నం మానేసిన మహిళా కౌన్సిలర్ ఒకావిడ లేచింది.

"ఎందుకమ్మా అలా చేసింది? ఆయన మంచివాడు కాదా?"

"బంగారంలాంటి మనిషట తల్లీ. కాకపోతే రాసిందల్లా తెచ్చి చదివి వినిపించేవాడు."

కౌన్సిలర్లందరూ ఈ ఏడు పిల్లల పరీక్షల కోసం ఆ నవల చివరిదాకా చదివినవాళ్లే. ఇంకెవరూ మరో ప్రశ్న వెయ్యలేదు. తీర్మానం వీగిపోయింది. గడియారం సరైన టైము చూపిస్తుందన్న షరతు మీద పని నాకే రాసిచ్చారు. ఆఫీసు సిబ్బందికి ఓటు లేదు.

ఈ సంగతి ఊరు దాటకూడదని కూడా అందరం అనుకున్నాం. మీకు చెప్పాను గాని, అచ్చు వెయ్యకండి. పరీక్షలో "కథానాయిక విషాదానికి కారకులెవరు?" అని పది మార్కుల ప్రశ్న వస్తుంది. పిల్లలు మా తాత పనే అని రాయనివ్వండి. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ మాట పడ్డాడు. ఒక్కసారీ కాదనలేదు. ఆయనకి దక్కినదానికి అదేం పెద్ద ఖరీదు కాదని ఇప్పుడు తెలిసింది.

మీ క్షేమం కోరే,
గడియారం మనిషి

తా.క.: పూలు తేవాలనే ఉంటే తప్పక రండి. మా మేనత్త అచ్చం వాళ్లమ్మ పోలికేనని అందరూ అంటారు. మీ పెళ్లి సంగతి చెబితే జాలిపడి, భోజనానికి రమ్మంది. మీ ముందుమాట మాత్రం ఇంటి దగ్గరే వదిలి రమ్మంది.