బతికుండగానే ఇవ్వాలట

జూన్ 8, ఆదివారం

నిర్ణయం అయిపోయింది. నా తర్వాత ఈ ఫ్లాట్ డో సాన్ సాన్ వాళ్ళు నడిపే సేవా సంఘానికి. ఫ్యాక్టరీ అమ్మాయిలకి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు పడుకోవడానికి చోటు కావాలి. నర్సుగా రిటైరయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. కుట్లు ఆరకముందే ఊరవతల ఫ్యాక్టరీల పేట లైంగ్‌థార్యార్‌కి బస్సెక్కి వెళ్ళిపోతారు. అక్కడ హాస్టల్ గదిలో కాలు చాపుకోవడానికే జాగా ఉండదు.

నాకు పిల్లల్లేరు. మా ఆయన కిన్ మౌంగ్ ఉంటే సరేననేవాడు. ఆయన దేనికైనా సరేననేవాడు, అది వేరే సంగతి.

నిజం రాసుకుంటే, పోయాక ఇవ్వడంలో బోలెడు సుఖం. వాళ్ళ దగ్గులు నేను వినక్కర్లేదు. నా బాత్రూమ్ ఇంకొకరు వాడరు.

జూన్ 12, సాయంత్రం

లాయర్ సత్యప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళి విల్ రాయాలన్నాను. పెన్ను కూడా తియ్యలేదు. మీరు హిందువులా, బౌద్ధులా అని అడిగారు. ఇదేం ప్రశ్న? అమ్మవారి గుడికీ వెళ్తాను, పగోడాకీ వెళ్తాను. మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో సగం ఇళ్ళు ఇంతే కదా అన్నాను. ఆయన నవ్వలేదు. ఈ దేశంలో బౌద్ధులు రాసిన విల్ చెల్లదట. ఆస్తి వారసులకే పోతుందట.

నా వారసుడంటే తమ్ముడు బాబూరావు. వాడు ఈ ఫ్లాట్ ముందు గదిలో కొడుకు చేత మొబైల్ షాపు పెట్టించాలని ఎప్పుడో అనేసుకున్నాడు.

హిందువునని రాసి సంతకం పెట్టెయ్యండమ్మా, పుట్టుక అదే కదా అన్నారు లాయర్ గారు. కాగితం తీసుకుని ఇంటికొచ్చాను.

జూన్ 13, పొద్దున్న

సంతకం పెట్టలేదు. భిక్షకి వచ్చిన బౌద్ధ స్వాములకి అన్నం పెట్టి లోపలికొచ్చేసరికి ఆ కాగితం కనబడింది. ఇన్నేళ్ళూ పగోడాలో కిన్ మౌంగ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టింది నేను కాదని రాయాలా? ఏడుపొచ్చింది. ఏడ్చాను. తర్వాత లాయర్ గారికి ఫోన్ చేసి ఇంకో దారి చెప్పమన్నాను.

దారి ఉందట. ఇస్తే బతికుండగానే ఇవ్వాలట. మంచాన పడి, పోయే ముందు ఇచ్చినా చెల్లదట. రిజిస్టర్ చేసి తాళాలు చేతిలో పెట్టాలట.

నా సుఖం గంగలో కలిసింది.

జూన్ 14

తాళాలు!

జూన్ 29

బాబూరావుకి ఎవరో చేరవేశారు. వర్షంలో తడిసి మరీ వచ్చాడు. ఏటప్పా ఇది, సొంత తమ్ముడుండగా ఊరోళ్ళకి ఇచ్చేత్తావేటి అన్నాడు. అవునన్నాను. రేపు నువ్వు మంచం పడితే ఆ సంఘమోళ్ళు నీళ్ళిత్తారేటి అన్నాడు. నువ్విస్తావా అని అడిగాను. కోపంతో గొడుగు తీసుకుని పోయాడు. అది నా గొడుగు.

వాడన్నది మాత్రం నన్ను వదల్లేదు. ఇచ్చేశాక నన్ను పొమ్మంటే ఎక్కడికి పోతాను?

జూలై 20

డో సాన్ సాన్‌ని సూటిగా అడిగాను. ఆవిడ టీ పూర్తిగా తాగి, వెనక గది నీదే, ఉన్నన్నాళ్ళూ ఉండు, కావాలంటే కాగితం మీద రాసిస్తాం అంది. రాసివ్వమన్నాను. ఏమీ నొచ్చుకోలేదు. బాత్రూమ్ ఒక్కటే ఉంది కదా అన్నాను. ఇంకోటి కడదాం అంది. దానికి చందాలు మొదలుపెట్టేసింది కూడా. ఈవిడతో నెగ్గలేను.

ఆగస్టు 17

మేస్త్రీలు. సిమెంటు. బుర్ర పనిచెయ్యడం లేదు. ముందు గదిలో నాలుగు మంచాలు పడతాయి. కిటికీ వైపు మంచం కుట్లు ఉన్నవాళ్ళకి, లేవడం తేలిక. తెల్ల దుప్పట్లు వద్దన్నాను. హాస్పిటల్‌లో చూసింది చాలు, పూలవి తెమ్మన్నాను.

అరే, నాకు హుషారుగా ఉంది.

అక్టోబర్ 19, ఆదివారం

రిజిస్ట్రేషన్ మొన్ననే అయింది. ఇవాళ నీళ్ళు పోశాం. ఇక్కడ దానం చేస్తే స్వాములు సూత్రాలు చదువుతుంటే చెంబులోంచి గిన్నెలోకి బొట్టు బొట్టుగా పోస్తారు. పుణ్యం అందరికీ పంచుతారు, విన్నవాళ్ళు మూడుసార్లు సాధు అంటారు. మా అమ్మ ధారపోయడం అనేది ఇదే. నాకు రెండు పద్ధతులూ ఒకటేలా అనిపించాయి. లాయర్ గారు ఏమంటారో తెలీదు.

బాబూరావు వచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. నిండు చెంబు బరువుకి నీళ్ళు గిన్నె బయట ఒలికిపోతున్నాయి. పుణ్యంలో నా తమ్ముడికి భాగం అని గట్టిగా అన్నాను. అందరూ సాధు అన్నారు. వాడు అనలేదు. రెండోసారీ అనలేదు. ఈలోగా వచ్చి చెంబు అడుగున చెయ్యి పట్టాడు. మూడోసారి అందరికంటే పైకి వాడి గొంతే వినబడింది.

తర్వాత మోహింగా, అదే చేపల పులుసు పోసిన సేమ్యా, రెండు గిన్నెలు తిన్నాడు. పులుసు చప్పగుందని వంక పెట్టాడు. వెళ్తూ, జ్వరమొత్తే కబురెట్టప్పా, ఆళ్ళు నీళ్ళిత్తే ఇత్తారు గానీ అన్నాడు.

తాళాలు ఇచ్చేశాను.

నవంబర్ 2

మొదటి అమ్మాయి వచ్చింది. అపెండిసైటిస్, కుట్టు మిషన్ ఆపరేటర్. వెనక గదిలోంచి నేను చెంబు పట్టుకుని రావడం చూసి, ఆంటీకి ఏం ఆపరేషన్ అయింది, ఎన్నాళ్ళు ఉండమన్నారు అని అడిగింది.

ఉన్నన్నాళ్ళూ ఉండమన్నారని చెప్పాను.