పైపుల యార్డులో పక్షులు

జిదాఫ్స్, బహ్రెయిన్

నా జమునా,

ఈ మాట ఫోన్లో చెప్పలేను. నువ్వు ఏడిస్తే వినలేను. మన లచ్చన్న ఇంటికి వస్తుంటే రాసి ఇస్తున్నాను.

శుక్రవారం పొద్దున్నే కంపెనీవాళ్ళు మమ్మల్ని బస్సెక్కించి సముద్రం ఒడ్డున పక్షుల పార్కుకు తీసుకుపోయారు. దిగి చూస్తే అది నేను వచ్చిన కొత్తలో పనిచేసిన పైపుల యార్డు! మీ అన్న గంగాప్రసాద్ బావ ఫోర్‌మన్‌గా ఉండి నన్ను పెట్టించాడే, అదే. నూనె బావుల్లోంచి తీసిన పాత పైపుల లోపల గట్టిపడ్డ పెచ్చును నేను గీకిన చోట ఇప్పుడు నీళ్ళ మడుగు, చెట్లు, తెల్ల కొంగలు. భలే సంతోషమైంది. "ఇది నా యార్డు భాయ్" అని అందరి దగ్గరా గొప్పలు పోయాను.

అప్పుడు పార్కు మనిషి హిందీలో చెప్పాడు. ఆ పెచ్చులో రేడియేషన్ ఉండేదట, అణు కేంద్రాల తుక్కులో ఉండేలాంటిది. దుమ్ము ఒంట్లోకి పోతే ఏళ్ళ తర్వాతైనా జబ్బు చేయొచ్చట. అందుకే మట్టంతా తవ్వి తీసేసి, కొత్త మట్టి పోసి, పక్షులను రానిచ్చారట. నేను ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా ఆ దుమ్ము మింగాను జమునా.

అక్కడే నిలబడి ఊళ్ళో ఉన్న బావకు ఫోన్ చేశాను. ఈ సంగతి నీకు ముందే తెలుసా అని అడిగాను. "నాకెరికే బావా. చెప్తే నువ్వు ఉందువా? మనుషులు దొర్కకపోతే నా ఫోర్‌మన్ పని పోతుండె" అన్నాడు.

అప్పట్లో బావ ఆంజనేయస్వామి మాల వేసుకున్నాడని నీకు మురిసిపోతూ చెప్పాను. దీక్షలో ఉన్న స్వామి కదా అని క్యాంపులో వేరే గది, వేరే చాప, వేరే గిన్నెలు ఇచ్చాం. మాల తీశాక కూడా ఆయన మా గదికి తిరిగి రాలేదు. భక్తి ముదిరిందనుకుని దండం పెట్టాను. నా బట్టల దుమ్ముకు భయపడి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు. ఆ దుమ్ముకన్నా ఇదే నన్ను ఎక్కువ కాలుస్తోంది.

ఇప్పటికి నాకు ఏ నొప్పీ లేదు. రేపటి సంగతి తెలియదు. ఆయన ముఖం ఇక చూడను. కానీ నీకు తోడబుట్టినవాడు. నువ్వు ఎటు నిలబడతావోనని భయంగా ఉంది.

నీ భూమేష్

*

స్వర్ణ నాయనకు,

లచ్చన్న ఉత్తరం ఇచ్చాడు. చదివిన రోజు పొయ్యి వెలిగించలేదు.

నేనూ ఒకటి చెప్పాలి. మీరు మొదటిసారి లీవుకు వచ్చే ముందు అన్న నాకు ఫోన్ చేశాడు. "బావ బట్టలు ఇంట్లకు రానియ్యకు చెల్లే, క్యాంపుల నల్లులున్నయి" అన్నాడు. మీరు దిగగానే బ్యాగుతో సహా ఊరి బయట పారేయించాను. మీరు నవ్వారు. అన్నకు నామీద ఎంత ప్రేమో అనుకున్నాను. చెల్లెల్ని కాపాడుకోవడం తెలిసినవాడికి చెల్లెలి మొగుణ్ణి కాపాడడం తెలియలేదా?

సామాన్ సర్దుకుని వచ్చేయండి. హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపిద్దాం. ఏది వచ్చినా ఇద్దరం కలిసి చూసుకుందాం.

నిన్న రాఖీ పున్నమి. అన్న వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. నేను కట్టలేదు. ఎందుకని అన్న అడగలేదు.

మీ జమున