మిగుల్చుకున్న ఏడాది

పుంగనూరు,
ఫిబ్రవరి, గురువారం

ప్రియమైన తమ్ముడు గిరిబాబుకు అక్క దీవెనలు.

మొన్న సోమవారం పొద్దున మన ఇంట్లో విశేషమేమీ జరగలేదు. అయినా ఆ పొద్దు గురించే రాస్తున్నాను.

నేను లేచి దేవుడి గూట్లో దీపం పెట్టేసరికి మీ అన్న గంగులప్ప పాల వ్యాను తుడుచుకుంటున్నాడు. మీ వదిన బుజ్జమ్మ తన కొడుకు చేతన్ కోసం చెనిక్కాయల పొడి డబ్బాలో అదిమి అదిమి నింపుతోంది. కుప్పంలో కాలేజీ దగ్గర గదిలో వారమంతా వాడికి అదే ఆధారం. చేతన్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుండగా కరెంటు పోయింది. మన ఇంట్లోనే పోయింది. వాడు స్టూలెక్కి ఫ్యూజు తీగ మార్చి, దిగి, మళ్లీ ఇస్త్రీ మొదలుపెట్టాడు. గంగులప్ప వాకిట్లోంచి, "ఇంజనీరప్పా, మీ కూలెంతప్పా?" అన్నాడు. వాడు నవ్వలేదు. ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాడు.

తర్వాత పక్కింటికి వెళ్లి సంగీతను పుస్తకం అడిగి తెచ్చుకున్నాడు. ఆ పిల్ల కిందటి ఏడాది చదివిన ఇంజనీరింగు మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం. దాన్ని సంచిలో బట్టల కింద పెట్టాడు. రెండో సంవత్సరం చదివే వాడికి ఇదెందుకని అడగబోయాను. కుప్పం పోవడానికి పలమనేరు బస్సుకు వేళైంది. వెళ్లిపోయాడు.

నిన్న వాడి క్లాసులో చదివే నరేంద్ర వచ్చాడు. చౌడేపల్లెలో పెళ్లికి వచ్చి, దారిలో ఆగాడు. నాకు చెవులు సరిగా వినపడవని తెలుసు కాబట్టి దగ్గరకు వచ్చి గట్టిగా అడిగాడు. "చేతన్‌కి ఒళ్లు బాగుండాదా అమ్మా? క్లాసులకు రావడంల్యా." ఇంట్లో ఎవరూ లేకపోవడం మేలైంది.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోనులో నాకు వినపడాలంటే నువ్వు అరవాలి. నువ్వు అరిస్తే ఇంటిల్లిపాదికీ వినపడుతుంది.

ఒకటి అడుగుతాను. కిందటి పరీక్షల్లో తప్పిన పాఠం పేరు వాడు చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. నువ్వు లెక్కల లెక్చరరువు. ఆ పాఠాల పేర్లు తెలుగులో రాసి, అవేమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పు. పొద్దున దీపం ముందు మీ అందరి పేర్లూ చెప్పి, ఎవరికేం కావాలో అడుగుతాను. వీడికేం కావాలో నాకు తెలియడం లేదు. దేవుడికి తెలుసు, నిజమే. అడిగేదాన్ని నేను కదా, నాకూ తెలియాలి.

మీ అక్క,
కృష్ణవేణి


మదనపల్లె,
ఫిబ్రవరి నెలాఖరు

ప్రియమైన అక్కకు గిరి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది.

డిసెంబరులో వాడిని మా ఇంటికి పిలిపించి కూర్చోబెట్టాను, గుర్తుంది కదా. ఆ తప్పిన పాఠమే, ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్, చెప్పబోయాను. రెండు వరుసలు రాశానో లేదో, ముఖం చూస్తే ఏమీ ఎక్కలేదని తెలిసిపోయింది. ఇది ఫస్టియర్ లెక్క కదా, నీకు ఎవరూ చెప్పలేదా అని అరిచాను. వాడు తల వంచుకుని, "నాకు ఫస్టియర్ ల్యా కదా చిన్నాయనా" అన్నాడు. జవాబు లేక ఇంకా అరిచాను.

సంగతి అదే అక్కా. పదో తరగతి కాగానే వాడిని పాలిటెక్నిక్‌లో చేర్చాం. డిప్లొమా అయ్యాక పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో కూర్చున్నాడు. నాలుగేళ్ల చదువు మూడేళ్లకే అయిపోతుంది, ఏడాది మిగిలిందని అన్న వీధంతా లడ్డూలు పంచాడు. నేనూ తిన్నాను. పునాది లెక్కలూ పునాది ఫిజిక్సూ అన్నీ ఉండేది ఆ మిగిలిన ఏడాదిలోనే. డిప్లొమాలో లెక్కలు లేవని కాదు. సూత్రం గుర్తుపెట్టుకుని వేసేస్తారు. ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇక్కడ అడుగుతారు. ఇలా మధ్యలో చేరిన పిల్లలకు కాలేజీలో రెండు వారాలు విడిగా చెప్పారట. ఏడాది పాఠం రెండు వారాల్లో ఎవరికి వస్తుంది?

నువ్వు అడిగిన పేర్లు రాస్తున్నాను. డిఫరెన్షియల్ ఈక్వేషన్ అని ఒకటుంది. పొయ్యి మీంచి పాలు దించావనుకో. దించినప్పుడు ఎంత వేడో చెబుతారు, ఆ తర్వాత ఎంతో చెప్పరు. ఏ నిమిషానికి ఎంత జోరుగా చల్లారుతున్నాయో మాత్రం చెబుతారు. దాన్ని పట్టుకుని, తోడు వేసే వేళకు ఎంత వేడి ఉంటుందో నువ్వు చెప్పాలి. కరెంటు తీగలో ఏ మార్పైనా ఇలాగే లెక్క కట్టాలి.

డైవర్జెన్స్ అంటే, వాకిలి తడిగా ఉంది, నీళ్లు పారుతున్నాయి. కొంత చోటు చుట్టూ గీత గీసి, లోపలికి ఎన్ని వస్తున్నాయి, బయటికి ఎన్ని పోతున్నాయి అని చూస్తావు. పోయేవి ఎక్కువైతే గీత లోపల ఎక్కడో ఊట ఉన్నట్టు. తవ్వకుండానే తెలుస్తుంది. ఇక కర్ల్. ఆ నీళ్లలో చిన్న ఆకు వేస్తే, అది ఊరికే కొట్టుకుపోతుందా, తన చుట్టూ తాను తిరుగుతూ పోతుందా అన్నది. కరెంటుకూ అయస్కాంతానికీ చుట్టూ కంటికి కనపడని పారుదల ఉంటుంది. దాన్ని ఈ రెండింటితో కొలుస్తారు. వాడు తప్పింది ఇక్కడే.

ఇప్పుడు భయం సంగతి. నూటికి డెబ్బై అయిదు హాజరు ఉండాలి. అరవై అయిదు దాకా డాక్టరు కాగితం పెట్టి బతిమాలుకోవచ్చు. అంతకన్నా తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఈ ఆరు నెలల చదువూ వచ్చే ఏడాది మళ్లీ చదవాలి. ప్రభుత్వం ఫీజు రెండోసారి ఇవ్వదు. వాడు ఎక్కడ తిరుగుతున్నాడో మెల్లగా నువ్వే అడుగు. నేను అడిగితే చెప్పడు.

నీ తమ్ముడు,
గిరి


పుంగనూరు,
మార్చి

ప్రియమైన తమ్ముడికి అక్క దీవెనలు.

పాలు చల్లారడం అర్థమైంది. ఊట సంగతి బాగుంది. ఆకు తిరగడం చాలా బాగుంది.

రోజూ అడుగుతున్నాను. గంగులప్ప నడుము, బుజ్జమ్మ షుగరు, నీ పిల్లలు, ఆ తర్వాత డైవర్జెన్సు, కర్లు. బుజ్జమ్మ వెనక నిలబడి విన్నట్టుంది. "కర్లు ఎవురు వదినా, మీ సుట్టమా?" అంది. దూరపు చుట్టమన్నాను.

చేతన్ శనివారం వచ్చాడు. చిక్కిపోయాడు. అన్నం పెడుతూ అడిగాను. "క్లాసుకే పోతాండాను అత్తా" అన్నాడు. నా కళ్లలోకి చూసే అన్నాడు. వాడు అబద్ధమాడే పిల్లవాడు కాదు. నరేంద్రకు అబద్ధమాడే పని లేదు. రెండూ ఎలా నిజమవుతాయో నాకు తెలియలేదు.

నేను కుప్పం వెళ్లినా ఎవరేం చెబుతున్నారో నాకు వినపడదు. నువ్వు వెళ్లిరా. గంగులప్పకు ఇంకా చెప్పలేదు.

మీ అక్క,
కృష్ణవేణి


మదనపల్లె,
ఏప్రిల్

ప్రియమైన అక్కకు గిరి నమస్కారాలు.

ఆలస్యం చేశాను. మా కాలేజీ పనులతో తెమలలేదు. శుక్రవారం కుప్పం వెళ్లాను.

వాళ్ల విభాగం పెద్దాయన మంచివాడు. టీ తెప్పించాడు. కంప్యూటరు నా వైపు తిప్పి చూపించాడు. నూటికి నలభై దాటలేదు. ఏమైనా చేయగలరా అని అడిగాను. "మీరూ లెక్చరరే కదా సార్, మీకు తెలియనిదేముంది" అన్నాడు. ఆ మాట నేను ఎంతమంది తల్లిదండ్రులతో అన్నానో. బల్లకు ఇవతల కూర్చున్నవాడికి అది ఎలా వినపడుతుందో మొన్ననే తెలిసింది.

చేతన్ కనపడలేదు. వాడి క్లాసులో లేడు. గదికి తాళం. ఫోను ఎత్తలేదు. కాలేజీ వరండాలన్నీ తిరిగి, సాయంత్రం బస్సెక్కి వచ్చేశాను. ఇంత లెక్కలు చదివి, సొంత అన్న కొడుకు ఎక్కడున్నాడో కనుక్కోలేకపోయాను.

వాడు ఈసారి పరీక్ష రాయలేడు. అది ఖాయం. నాకు ఆదివారం పరీక్షల డ్యూటీ వేశారు, రాలేను. అన్నకూ వదినకూ నువ్వే చెప్పాలి. వాడికి చదువు మీద మనసు లేకపోతే మాన్పించి పనిలో పెట్టండి. నాకు వేరే దారి తోచడం లేదు.

నీ తమ్ముడు,
గిరి


పుంగనూరు,
ఏప్రిల్, సోమవారం

ప్రియమైన తమ్ముడికి అక్క దీవెనలు.

నిన్న చెప్పాను. గంగులప్ప వ్యాను పెట్టి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, కాఫీ తాగనిచ్చి చెప్పాను. చేతన్ అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

గంగులప్ప గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "యాడ తిరుగుతాండావురా? సినిమా హాల్లో గూడా హాజరు యేస్తారా?" అన్నాడు. బుజ్జమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

చేతన్ లేచి లోపలికి వెళ్లాడు. వెళ్లిపోతాడేమో అనుకున్నాను. సంచిలోంచి సంగీత పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. పేజీ పేజీకీ పెన్సిలు రాతలు, చెరిపి మళ్లీ రాసినవి. నాకు వినపడాలని పక్కన కూర్చుని చెప్పాడు.

జనవరి నుంచి వాడు మొదటి సంవత్సరం పిల్లల క్లాసులో కూర్చుంటున్నాడు. వెనక బెంచీలో. తన క్లాసులో చెప్పేది ఒక్క ముక్కా ఎక్కక, ఒక్క గంట విందామని వెళ్లాడట. విన్నది అర్థమైందట. మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ లెక్కలు, ఆ ఫిజిక్సు జరిగే వేళకే పైన వాడి క్లాసులూ జరుగుతాయి. మొదట్లో ఆ పిల్లలు ర్యాగింగుకు వచ్చాడనుకుని లేచి నిలబడేవారట. వాళ్ల రేష్మ మేడం ఒకరోజు ఎవరు నువ్వని అడిగి, విని, కూర్చోమంది. హాజరు మాత్రం తన చేతుల్లో లేదని చెప్పింది.

"ఆడ నా పేరు పిలవరు అత్తా. అందర్నీ పిలిచినంక మేడం బోర్డుకాడికి తిరుగుతుంది. అప్పుడు నేను పుస్తకం తెరుస్తా." ఇది వాడు తల వంచుకోకుండానే చెప్పాడు.

నువ్వు వెళ్లిన రోజు ఆ వరండాలోనే నడిచావట. కిటికీలోంచి నిన్ను చూశాడు. భయపడ్డాడు. లేస్తే ఆ పాఠం మళ్లీ దొరకదని కూడా అనుకున్నాడట. రెండింటిలో ఏది ఎక్కువో నేను అడగలేదు.

"ఇప్పుడు నాకు కర్ల్ అంటే తెలుసు" అన్నాడు.

ఆకు తన చుట్టూ తాను తిరగడమే కదా అన్నాను. "నీకెవురు జెప్పినారు?" అన్నాడు. మీ చిన్నాయన అని చెప్పాను. "నాకు యాల అట్ల జెప్పల్యా?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు.

గంగులప్ప నా వైపు తిరిగి, నేర్చుకున్నాడు కదా, ఇప్పుడైనా పరీక్ష రాయనిస్తారా అని అడిగాడు. రాయనివ్వరని చెప్పాను. "నేర్సుకుండేదానికి పోతే పరీచ్చ లేదంటారు. ఇదేం సదువక్కా" అన్నాడు. కడిగిన వ్యానునే మళ్లీ కడగడానికి వెళ్లాడు. బుజ్జమ్మ కాలేజీకి పోయి అందరి కాళ్లూ పట్టుకుంటానంది. పట్టుకున్నా ఏమీ కాదని వాడే చెప్పాడు. నేను దీపం పెట్టాను. ఏమని అడగాలో ఈసారి తెలుసు. అయినా అడగలేదు. ఊరికే కూర్చున్నాను.

గంగులప్ప తిరిగి వచ్చాక మేము నలుగురం ఒక మాట అనుకున్నాం. చదువు మాన్పించం. మిగుల్చుకున్న ఏడాదిని తిరిగి ఇచ్చేస్తున్నాం. ఈ ఆరు నెలల చదువు వాడు వచ్చే ఏడాది మళ్లీ చదువుతాడు. ఇప్పుడు ఎవరి వెనక బెంచీలో కూర్చున్నాడో అప్పటికి ఆ పిల్లలే రెండో సంవత్సరానికి వస్తారు. వాళ్లతోనే చదువుతాడు. ఫీజుకు గంగులప్ప సాయంత్రం ఇంకో ట్రిప్పు ఒప్పుకుంటానన్నాడు. అప్పటికైనా పాసవుతాడని మాలో ఎవరూ అనలేదు. అనుకోవడానికి మాకేం తెలుసు?

అప్పటిదాకా వాడు నీ దగ్గర ఉంటాడు. వచ్చే సోమవారం పొద్దున బస్సుకు మదనపల్లె వస్తాడు. నాకు రాసినట్టే వాడికీ చెప్పు. అరవాలనిపిస్తే లేచి నాకు ఉత్తరం రాయి.

ఇంకొక్కటి. ఒక్కడే కదా అనుకోకు. రోజూ పాఠం మొదలుపెట్టే ముందు వాడి పేరు పిలువు.

మీ అక్క,
కృష్ణవేణి