నవమి నాడు కడిగిన స్కోపులు

ఇన్వర్‌కార్గిల్,
అక్టోబరు 5.

రమామణి ఆంటీకి, వెంకటలక్ష్మి దణ్ణం పెట్టి రాస్తున్నాను.

ముందుగా నా రాత చూసి నవ్వకండి. ఏడో తరగతితో బడి మానేశాను. ఒత్తులూ దీర్ఘాలూ నాకు సరిగ్గా కుదరవు. గీతల్లేని కాగితం మీద నా అక్షరాలు కిందికి జారిపోతాయి. ఫోన్ చేయవచ్చు కదా అంటారేమో. మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. మెసేజ్ పెడదామంటే నావన్నీ బావ ట్యాబ్‌లో కూడా కనిపిస్తాయి. మొగుడైనా సరే, ఇది బావకు తెలియకూడని సంగతి. మేము ఈ దేశంలో దిగినప్పుడు మీ హాబ్సన్‌విల్ ఇంట్లో రెండు రోజులు ఉంచుకుని, "ఏదైనా ఉంటే మొహమాటపడకుండా నాకు చెప్పు" అన్నారు. ఆ మాట పట్టుకుని రాస్తున్నాను.

మా బావ శశిధర్ ఇక్కడ మీ గిరిధర్ అన్నయ్యతో కలిసి చదివాడని మీకు తెలుసు. ఇప్పుడు వేట సామాను అమ్మే షాపులో పనిచేస్తున్నాడు. మార్చిలో వీసా అయిపోతుంది. ఓనరు గ్రాహం గారు ఉద్యోగం పర్మనెంట్ చేసి కాగితాల మీద సంతకం పెడితే ఉంటాం. లేకపోతే పెట్టెలు సర్దుకోవాలి.

తుపాకీ మీద బిగించే దుర్భిణిని స్కోపు అంటారు, ఆంటీ. గ్రాహం గారు బావకు రెండు స్కోపులిచ్చి, "నెల రోజులు రెంటినీ పోల్చి చూడు. ఏది స్పష్టంగా కనిపిస్తుందో, ఏది నమ్మకంగా పనిచేస్తుందో రాసివ్వు. జింకల వేట మొదలయ్యేలోగా షాపులో ఏది పెట్టాలో నువ్వే చెప్పాలి. దాన్నిబట్టి నీ సంగతి చూస్తాను" అన్నారట. ఒకటి నల్లది, చాలా ఖరీదు. రెండోది బూడిదరంగుది, చవక.

అవి ఇంటికొచ్చిన మర్నాడే మహర్నవమి. మా నాన్న బోరు మోటార్లు బాగుచేసేవాడు. నవమి నాడు పానాలూ పట్టకార్లూ అన్నీ చింతపండుతో తోమి, కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టేవాళ్ళం. బావ షాపుకెళ్ళాక, ఇక్కడ మనకు అన్నం పెట్టే పనిముట్లు ఏమున్నాయా అని చూశాను. ఈ రెండే కనిపించాయి. "పెట్టెలు ముట్టుకోకు" అని చెప్పే వెళ్ళాడు. దేవుడి పనికి అది వర్తించదనుకున్నాను. చలికి అవి మంచులా ఉన్నాయని గోరువెచ్చటి చింతపండు నీళ్ళలో గంటసేపు నానబెట్టాను. గురి సరిచేసే మరల మీది చిన్న మూతలు విప్పి లోపల కూడా పసుపు రాశాను. అద్దాలకు బొట్టు పెట్టి హారతిచ్చాను. బావ వచ్చేలోగా తుడిచి పెట్టెల్లో సర్దేశాను.

మర్నాడు పొద్దున బావ నల్లదాన్ని బయటికి తీసుకెళ్ళాడు. చలిగాలి తగలగానే అది మూత పెట్టిన అన్నం గిన్నెలా లోపల చెమర్చింది. బావ ముఖం పాలిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే భరించలేకపోతున్నాను. లోపలి నీరు తీసే ఉపాయం ఏదైనా చెప్పండి. చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి.

మీ
వెంకటలక్ష్మి

తా.క.: బావ రోజూ పొద్దు వాలే వేళ పెరట్లో నిలబడి, పక్కింటి డోరీన్ గారి బట్టల తీగ వైపు స్కోపుల్లోంచి చూసి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. నిన్న ఆవిడ చెయ్యి ఊపింది. బావ కూడా ఊపాడు.


హాబ్సన్‌విల్,
అక్టోబరు 11.

చిరంజీవి వెంకటలక్ష్మికి రమామణి ఆంటీ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. నీ రాతకేమి? మా కోడలు ప్రణీత తెలుగు కన్నా వెయ్యి రెట్లు నయం. నువ్వు చెప్పినట్టే వంటగదిలో సింకులో పెట్టి అగ్గిపుల్ల గీశాను. ఇవి కొత్త ఇళ్ళమ్మా. ఇక్కడ పోపు కాస్త మాడితేనే అలారం అరుస్తుంది. నీ మొదటి పేజీ అంటుకుందో లేదో, మూడంతస్తుల్లోనూ ఒక్కసారే మోత. వరసలో ఉన్న ఇళ్ళవాళ్ళందరూ రోడ్డు మీదికొచ్చారు. గిరిధర్ పై అంతస్తులో ఆఫీసు మీటింగు మధ్యలోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. మీ రాఘవయ్య అంకుల్ చెంబెడు నీళ్ళు పోసి మంట ఆర్పి, మిగిలిన సగం ఉత్తరం చేతికి తీసుకున్నారు. చదివారు. నేనేం చేయను?

స్కోపుకు ఉపాయం తేలిక. మా మనవడు బంటిగాడు ఫోను స్నానాల తొట్టిలో పడేస్తే బియ్యం డబ్బాలో పూడ్చి పెట్టాం. మూడు రోజుల్లో బాగైంది. నువ్వూ అలాగే చెయ్యి.

ఇక అసలు సంగతి. ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే వెంటనే రాయి, గిరిధర్‌ని పంపిస్తాను. రెండోది, పక్కింటావిడ బట్టల తీగతో మీ ఆయనకు ఏం పని? మొగుడు పరాయి ఇంటి తీగ కేసి దుర్భిణి పెట్టి చూస్తుంటే, నువ్వు దుర్భిణిలో నీళ్ళ గురించి ఏడుస్తున్నావా? పిచ్చి తల్లీ! అన్నీ వివరంగా రాయి.

ఉంటాను,
రమామణి ఆంటీ

తా.క.: ఆ డోరీన్ ఎలా ఉంటుంది?


ఇన్వర్‌కార్గిల్,
అక్టోబరు 17.

ఆంటీకి వెంకటలక్ష్మి నమస్కారం.

అలారం మోగినందుకు నన్ను క్షమించండి. గిరిధర్ అన్నయ్య కాళ్ళకు ఏమీ గుచ్చుకోలేదు కదా?

ఇంట్లో తుపాకీ లేదు. తుపాకులన్నీ షాపులోనే తాళం వేసి ఉంటాయి. బావ ఇంట్లో చూసేది చూపు మటుకే. బట్టల తీగ మీద పదిహేడు క్లిప్పులున్నాయి. వెలుగు తగ్గేకొద్దీ ఏ స్కోపులో ఎన్ని క్లిప్పులు కనిపిస్తాయో లెక్కపెడతాడు. చెమర్చని పూట నల్లదాంట్లో చీకటి పడేదాకా పదిహేడూ కనిపిస్తాయి. బూడిదరంగుదాంట్లో పదిహేనే. ఇంకో పరీక్ష కూడా ఉంది. మరను నాలుగు టిక్కులు ముందుకు తిప్పి, నాలుగు వెనక్కి తిప్పితే గురి మొదటి చోటికే రావాలట. రెండూ వచ్చాయి. నల్లదే మేలని బావ సగం రిపోర్టు రాసేశాడు కూడా. పొద్దున్నే చలిలో మాత్రం అది ఇంకా చెమరుస్తూనే ఉంది.

మీరు చెప్పినట్టు బావ షాపులో ఉన్నప్పుడు నల్లదాన్ని బియ్యం డబ్బాలో పెడుతున్నాను, వచ్చేలోగా తీస్తున్నాను. లాభం లేదు. మొన్న బావ దాని మర మూత విప్పితే సోనా మసూరి గింజ ఒకటి బయటపడింది. బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నా ప్రాణం పోయిందనుకున్నాను. దాన్ని తిరిగి బియ్యం డబ్బాలో వేశాడు.

బావ సరిగ్గా తినడం లేదు. పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడు. నిన్న డోరీన్ గారి పెరట్లోకి వెళ్ళి ఆ తీగ కింద అరగంట నిలబడి వచ్చాడు. ఎందుకని అడిగితే, "ఆవిడతో మాట్లాడితే మనసు తేలికవుతుంది" అన్నాడు. ఆవిడ కేకు ఇచ్చి పంపింది. నాతో చెప్పుకోలేనిది ఆవిడతో చెప్పుకున్నాడంటే, తప్పు నాదని తెలిసీ నన్ను బాధపెట్టకూడదని ఊరుకుంటున్నాడేమో. నిజం చెప్పేద్దామని రోజూ అనుకుంటాను. అన్నం వడ్డించేసరికి నోరు రాదు. నెలాఖరుకు రిపోర్టు ఇవ్వాలి.

ఈ ఉత్తరం కాల్చేయండి. ఇంట్లో మాత్రం వద్దు.

మీ
వెంకటలక్ష్మి

తా.క.: డోరీన్ గారికి ఎనభై రెండేళ్ళు. ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాయాల్సిందని ఇప్పుడు తోస్తోంది.


హాబ్సన్‌విల్,
అక్టోబరు 23.

వెంకటలక్ష్మికి ఆంటీ దీవెనలు.

ఇంకెప్పుడూ ముఖ్యమైన సంగతి కాగితం వెనక పక్క రాయకు.

నీ ఉత్తరం వచ్చేసరికి నా కళ్ళజోడు కనిపించలేదు. మీ అంకుల్ తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. తీగ కింద అరగంట, మనసు తేలికవడం, కేకు... అక్కడికొచ్చేసరికి ఆయన కాగితం కింద పడేసి ఫోన్ తీశారు. "వెనక ఇంకేదో ఉందండీ" అంటున్నాను. వినిపించుకుంటేనా! ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠం చెప్పిన గొంతు కదా, మొదలెడితే ఆగదు.

"శశిధర్! నాకంతా తెలిసిపోయింది. దాచి లాభం లేదు. మగాడివైతే వెళ్ళి ఒప్పుకో" అన్నారు. నేను ఆ లోపల కాగితం తిప్పి ఎనభై రెండు చూశాను. చూపించాను కూడా. కానీ అవతల నుంచి మీ ఆయన అప్పటికే మాట్లాడేస్తున్నాడు. స్పీకర్లోనే ఉంది, చెవులారా విన్నాను.

"మీకెలా తెలిసింది అంకుల్? ఎవరికీ చెప్పలేదు, డోరీన్ గారికి తప్ప. మీరు చెప్పింది నిజమే. ఇక మొయ్యలేను. రేపే వెళ్ళి ఒప్పుకుంటాను. లక్ష్మికి మాత్రం ఇప్పుడే చెప్పకండి" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మీ అంకుల్ నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. ఎనభై రెండేళ్ళ ముసలావిడకు తెలిసి, నీకు తెలియకుండా, ఒప్పుకోవాల్సింది ఏముంటుందే తల్లీ? రెండు రోజులుగా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. గిరిధర్ విమానం టిక్కెట్లు చూస్తున్నాడు. నువ్వు ధైర్యంగా ఉండు. ఏం జరిగినా నీ వెనక మేమున్నాం.

రమామణి ఆంటీ

తా.క.: పిల్లాడు వాడు. మరీ గట్టిగా అడక్కు.


ఇన్వర్‌కార్గిల్,
నవంబరు 3.

ఆంటీకి, అంకుల్‌కి వెంకటలక్ష్మి నమస్కారాలు.

ఇప్పటికి కుదురుగా కూర్చుని రాస్తున్నాను. అయినా అక్షరాలు కోడిపిల్లలు నడిచినట్టే ఉన్నాయి. ఓర్చుకుని చదవండి, ఈసారి వెనక పేజీలతో సహా.

అంకుల్ ఫోన్ చేసిన మర్నాడు బావ షాపుకెళ్ళి గ్రాహం గారి ముందు ఒప్పుకున్నాడట. ఏమని? స్కోపులు ఇంటికి తెచ్చిన రోజు, గేటు దగ్గర మంచుకు కాలు జారి, సంచి సిమెంటు మీద పడేశాడట! రెండూ అందులోనే ఉన్నాయి. కంచె అవతల నుంచి డోరీన్ గారు ఒక్కరే చూశారు. మూడో రోజు నల్లది చెమర్చగానే, తను పడేయడం వల్లే పాడైందని అనుకున్నాడు. నాకు తెలిస్తే దిగులుపడతానని దాచాడు. నేను నా తప్పు దాచి ఏడుస్తుంటే, అదే ఇంట్లో బావ తన తప్పు దాచి ఏడ్చాడు. ఇంకా వినండి. తనూ నల్లదాన్ని మన బియ్యం డబ్బాలోనే పెట్టేవాడట, నేను గుడ్డలు ఉతికే వేళల్లో. ఆ సోనా మసూరి గింజ తను పెట్టినప్పుడు అంటుకున్నదే అనుకుని, నేను ఎక్కడ అడుగుతానో అని వణికిపోయాడట.

గ్రాహం గారు అంతా విని, "కొండల్లో తిరిగేవాడు కాల్చేదానికన్నా పడేదే ఎక్కువ. పడితే ఏది నిలిచిందో చెప్పావు. దాచకుండా చెప్పావు. నాకు కావలసింది ఆ రెండే" అని, బావ కాగితాలు బయటికి తీశారట.

బావ ఈ మాట చెప్పి, ఎన్నాళ్ళకో నవ్వాడు. నేను ఆ నవ్వు చూసి కూడా ఊరుకోవచ్చు, ఆంటీ. ఉద్యోగం వచ్చేసింది. నా సంగతి ఎవరికీ తెలియదు. కానీ పడటం వల్ల పాడైందని బావ రిపోర్టు చివర రాసిన మాట నిజమో కాదో నాకొక్కదానికే అనుమానం. తప్పుడు రాతకు గ్రాహం గారు సంతకం పెడితే, ఆ పాపం నా చింతపండు నీళ్ళదే కదా. అందుకని నవమి రోజు సంగతి మొత్తం చెప్పేశాను. బావ కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"మర మూతలు కూడా విప్పావా?"

"విప్పాను బావా."

"లోపల పసుపు రాశావా?"

"రాశాను."

"సరే, చెప్పులేసుకో. ఇద్దరం వెళ్దాం."

నేను ఆ షాపు గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. గోడల నిండా కొమ్ముల తలలు నన్నే చూస్తున్నాయి. బావ నా మాటలు ఇంగ్లీషులో చెబుతుంటే నేను తల వంచుకుని నిలబడ్డాను. గ్రాహం గారు విని, లోపలికి వెళ్ళి, అదే రకం నల్లదొకటి, బూడిదరంగుదొకటి కొత్తవి తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "వీటిని ఎవరూ పడేయలేదు. మీరు చేసింది ఉన్నదున్నట్టు మళ్ళీ చేయండి" అన్నారు.

చేశాను. అవే గోరువెచ్చటి నీళ్ళు, అదే గంటసేపు, మూతలు విప్పి పసుపు. మర్నాడు పొద్దునకి కొత్త నల్లది కూడా లోపల చెమర్చింది. బూడిదరంగుది మాత్రం అద్దంలో చుక్క తడి లేకుండా, పసుపు పచ్చగా మెరుస్తూ కూర్చుంది. బావ పడేసిన బూడిదరంగుది కూడా చెక్కుచెదరలేదు. పడటం పాపం కాదు, కడగటం పాపం కాదు, నల్లదాని లోపలే లోపం ఉంది. నీళ్ళలో ముంచినా ఏమీ కాదని దాని పెట్టె మీద పెద్దక్షరాలతో రాసి ఉందట. బావ రిపోర్టులో చివరి మాట తీసేసి, "నల్లదాని అద్దం మంచిది, బూడిదరంగుదాని ఒళ్ళు మంచిది" అని రాశాడు. షాపులో పెట్టేది బూడిదరంగుదే. సంతకం అయిపోయింది. ఇక మార్చిలో పెట్టెలు సర్దే పని లేదు.

అసలు సంగతి ఇది కాదు. మొన్న శుక్రవారం షాపు వ్యాను మా ఇంటి ముందు ఆగింది. ఆరు పెట్టెలు దింపారు, ఆరు రకాల స్కోపులు. ఇక మీద ఏది కొనాలన్నా ముందు మా ఇంటికొచ్చి వెళ్ళాలట. ఈ పనికి నా పేరు కూడా షాపు పుస్తకంలో ఎక్కించారు. ప్రతి శుక్రవారం పూజ చేయమని గ్రాహం గారు అడిగారు. పరీక్ష కోసం పూజ చేయకూడదు, కడగటం మటుకు చేస్తాను, బొట్టు దసరాకే పెడతాను అన్నాను. బావ అది ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఆయన టోపీ తీసి తల ఊపారు. ఒక పెద్దమనిషికి అంత గట్టిగా కాదని చెప్పడం నాకు ఇదే మొదలు.

డోరీన్ గారు తీగ మీద ఇంకో మూడు క్లిప్పులు పెట్టారు, ఇరవై అయితే లెక్క సులువని.

గిరిధర్ అన్నయ్యను టిక్కెట్టు కొనేసి ఉంటే రద్దు చేసుకోమనండి. వద్దులెండి, రానివ్వండి. తోమడానికి ఆరున్నాయి.

మీ
వెంకటలక్ష్మి

తా.క.: నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో, ఎంతసేపు నానాలో, మూతలు ఎప్పుడు విప్పాలో అన్నీ ఇందులో రాసేశానని ఇప్పుడే చూసుకున్నాను. వేరే షాపులవాళ్ళకు ఇది తెలియకూడదని గ్రాహం గారు బావతో ఒట్టు వేయించుకున్నారు. కాబట్టి ఈ ఒక్క ఉత్తరం తప్పకుండా కాల్చేయండి. వీధి చివర నీళ్ళ ఒడ్డుకు తీసుకెళ్ళి, అంకుల్‌ని చెంబుతో పక్కన నిలబెట్టి, పూర్తిగా బూడిదయ్యేదాకా ఆయన్ని ఆర్పనివ్వకండి.