'వాజ్' అన్నందుకు

గురువారం, రాత్రి

నేను నోరు తెరవకముందే నా భార్య యాదమ్మ "మా ఆయనకు ఇంగ్లీష్ రాదు" అని పదిమందిలో చెప్పేస్తుంది. ఏళ్ళ తరబడి నాకు అదే మంట.

ఇవాళ జూబ్లీ హిల్స్‌లో ప్రొడ్యూసర్ గారి గృహప్రవేశం. ఆయన సినిమాలకు బట్టలు కుట్టేది నేనే. అక్కడ బొంబాయి మేడమ్ ఒకామె, పెళ్ళయి ఎన్నేళ్ళయిందని ఇంగ్లీషులో అడిగింది. యాదమ్మ పక్కన లేదు కదా అని ధైర్యం చేసి, "ఐ వాజ్ మ్యారీడ్ ఫార్టీ ఇయర్స్" అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. "సో సారీ" అంది. ఎందుకో అర్థం కాలేదు. అడగడం నామోషీ అనిపించి తల ఊపాను.

అంతలో యాదమ్మ నాకోసం ప్లేటులో భోజనం పట్టుకొచ్చింది. "సిస్టర్?" అని అడిగింది మేడమ్. నా భార్య చనిపోయిందనుకుందని అప్పుడు తెలిసింది. తప్పు ఒప్పుకోలేక "ఎస్" అన్నాను.

సిస్టర్ అంటే ఏమిటో యాదమ్మకు తెలుసు.

ఇంటికొచ్చాక జరిగింది విని కోడలు చెప్పింది. "వాజ్ అంటే అయిపోయినట్టు మామా. ఇంకా నడుస్తుంటే హ్యావ్ బీన్ అనాలె."

రాత్రి యాదమ్మ వడ్డిస్తూ, "అన్నా, జర పప్పు ఏసుకో" అంది. కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

ఇంగ్లీషు రాకపోవడం సిగ్గు కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని లేదనిపించాను, అది సిగ్గు. క్షమించమనడం నాకు చేతకాదు.

యాదీ, ఆదివారం మీ తమ్ముడు 'బావా' అనుకుంటూ వస్తాడు. ఆలోగా తేల్చి చెప్పు. నేను నీకు మొగుణ్ణా, అన్ననా?