తెల్ల మిషన్ మీద బొంత

12 డిసెంబరు 2006, మంగళవారం

మా తోటికోడలు సుజాత గద్వాల నుంచి మోటారు మిషన్ తెచ్చుకుంది. తెల్లగా, టిఫిన్ డబ్బాలా ఉంది. ఇరవై రకాల పువ్వులు కుడుతుందట! బొంతకు పువ్వులెందుకో.

"అక్కా, ఇంకా ఎన్ని దినాలు ఆ కాలు మిషన్ తొక్కుతవ్? మనింట్ల పుట్టిన పాప బొంత నేను ఒక్క గంటల కుట్టిస్త సూడు" అంది, వాడంతా వినేటట్టు. ఈ ఇంట్లో ఎవరికి పిల్లలు పుట్టినా, అత్తమ్మ పాత చీరలతో బొంత కుట్టేది నేను. నిన్నగాక మొన్న మిషన్ కొన్న మనిషి నాకు చెబుతోంది.

"కుట్టు మరి" అని చీరలు పరిచి ఇచ్చాను. మొదటి వరుస చివరిదాకా పోయింది. టీ తాగి రెండో వరుస మొదలుపెట్టగానే మిషన్ మూలిగింది, సూది పుటుక్కుమంది.

"గిట్లెట్లయింది అక్కా?" అంది ఏడుపు మొహంతో.

"బొమ్మ మిషన్ బొమ్మల బట్టలకే పనికొస్తది" అన్నాను. ఇంట్లో వాళ్లందరూ నవ్వారు.

మోకాళ్లకు నూనె రాసుకుని ఇది రాస్తున్నాను. ఆ మొదటి వరుస ఎంత తేలిగ్గా పోయిందో నేనూ చూశాను. ఆమె టీ పెట్టడానికి లోపలికి పోగానే, చీరల మధ్య మందపాటి జంపఖానా ముక్క దూర్చింది నేనే.

రేపు ఆమె చూడకముందే దాన్ని తీసెయ్యాలి.